పచ్చిపులుసు మట్టం

ఈ మంగళవారం పొద్దున మా ఇంటి ఎదురుగా ఉన్న కాలనీ ఖాళీ జాగలోకి ఒక చిన్న ట్రాక్టరు వచ్చింది. ముందు చప్పుడు విన్నాను, తర్వాత చూశాను. ఇనుప బ్లేడు అంచు మొరంలోని రాయికి తగిలినప్పుడు వచ్చే చప్పుడు మరి దేనికీ రాదు. మాడిన పెనాన్ని అట్లకాడతో గీకినట్టు పళ్లు జివ్వుమంటాయి. శంషాబాద్‌లో ఉండేవాళ్ల చెవులు విమానాల మోతను పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి గానీ, ఈ చప్పుడుకు నేను చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి గేటు దాకా వెళ్లాను. రాత్రి జల్లు పడింది. తడిసిన ఎర్రమట్టి వాసన, దాని మీద డీజిలు పొగ. డ్రైవరు నలభై ఏళ్ల మనిషి, వెనక్కి చూస్తూ బండి నడుపుతున్నాడు. జాగకు నైరుతి మూలన వాచ్‌మన్ గది ఉంది. అందులో భార్యాభర్తలు, ఒక కుక్క ఉంటారు. ట్రాక్టరు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూ నేలను బల్లలా చేస్తోంది. ఈ చప్పుడు నేను పదకొండేళ్లు రోజూ విన్నాను. మాణిక్యమ్మ దగ్గర పనిచేసిన కాలం అది.

మాణిక్యమ్మ నాకంటే నాలుగేళ్లు పెద్దది. శంషాబాద్ పక్క పల్లెలో తరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబం వాళ్లది. చుట్టుపక్కల భూముల ధరలు పెరిగినప్పుడు వాళ్లూ కొంత పొలం అమ్మారు. ఇంట్లో మిగిలినవాళ్లు కార్లు కొన్నారు. ఈమె తన వాటాతో ఒక చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించే పనిముట్లు కొని, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి కిరాయికి నడిపింది. బండి కూడా తానే తోలేది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, తలకు తువ్వాలు చుట్టి ఆమె రోడ్డెక్కితే మొదటి ఏడాది జనం నిలబడి చూశారట. రెండో ఏడాది నుంచి ఎవరూ చూడలేదని ఆమె కొంచెం నిరాశగా చెప్పేది. పెద్ద ట్రాక్టరు ఎందుకు కొనలేదని అడిగితే, "పొలాలు ఏడున్నయి ఇగ? అన్నీ ఇండ్లాయె. ఇండ్ల నడుమ మర్లేది గావాలె" అనేది. ఇళ్ల సందుల్లో తిరగగల బండి కావాలన్న ఆ లెక్క సరైనదే. ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు, బడులు, కొత్త ఇళ్లు, అన్నిటికీ ముందు ఒక వాకిలి ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు చదును చేయాలి.

నేను సర్వే విభాగంలో గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా పని నక్షాలకు నకళ్లు తీయడం. ఏ నేల ఎంత ఎత్తులో ఉందో అంకెల్లో తెలుసు, ఆ నేల మీద నిలబడిన సందర్భాలు తక్కువ. రిటైరైన మరుసటి సంవత్సరం ఇక్కడ ఇల్లు కట్టుకుని, ముందున్న కొద్దిపాటి జాగ చదును చేయించుకోవడానికి ఆమె షెడ్డుకు వెళ్లాను. ఆమె ఒక పీపా మీద కూర్చుని ఉల్లిగడ్డ నంజుకుంటూ జొన్నరొట్టె తింటోంది.

"ఏం గావాలె చెల్లె?"

"నేల చదును చేయాలి. పూర్తిగా మట్టంగా ఉండాలి."

"మట్టమైనంక ఆడ ఎవలు కూసుంటరు?"

"ఎవరూ కూర్చోరు. ఇంట్లో నేనొక్కదాన్నే."

"నువ్వు కూసోవా? నిలవడే ఉంటవా?" అని, నేను జవాబు చెప్పేలోగా, "సరే, నువ్వు నిలవడు. మరి వాన? వాన ఎటు పోవాల్నో చెప్పినవా దానికి?"

నాకు కోపం వచ్చింది. అయినా పని ఆమెకే ఇచ్చాను, ఎందుకంటే అంతకుముందు వెళ్లిన రెండు చోట్ల నన్ను జాగ ఎన్ని గజాలని మాత్రమే అడిగారు. పని జరుగుతున్నంతసేపూ తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం పట్టుకుని నేను ఆమె వెంట తిరిగి ఎత్తుపల్లాలు కొలిచాను. మూడో రోజు, "చెల్లె, ఇంట్ల ఒక్కదానివే ఏం జేస్తవు, షెడ్డుకు రా. ఫోన్లెత్తు, కొలతలు పట్టు" అంది. వెళ్లాను.

షెడ్డులో పనిముట్లు ఒక వరుసలో ఉండేవి. వరుస తిరగేసి ఉన్నట్టు కొత్తవాళ్లకు అనిపించేది. గుమ్మం దగ్గర అన్నిటికంటే చివర వాడే రోలరు. దాని పక్కన దంతె, అంటే పొడవాటి వంపు పళ్లతో రాళ్లను ఏరి పైమట్టిని సాపు చేసేది. ఆ తర్వాత మేము డబ్బా అని పిలిచే పెట్టె బ్లేడు. మూడు వైపులా ఇనుప పలకలు, ముందు గట్టి నేలను గీరే పళ్లు. అది మిట్టను కోసి, ఆ మట్టిని తన కడుపులోనే మోసుకెళ్లి పల్లంలో దింపుతుంది. దాని అవతల ఏ కోణానికైనా తిప్పగల వెనక బ్లేడు. మట్టిని పక్కకు నెట్టడానికి, కాలువ తీయడానికి అది. ముందు తగిలించే తొట్టి, రోటావేటరు, గొర్రు, ఇవన్నీ వెనక గోడ దగ్గర ఉండేవి. వచ్చినవాళ్లు నేరుగా వెనక్కి వెళ్లి రోటావేటరు మీద చెయ్యి వేసేవాళ్లు. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని అడిగి, మట్టి బాగా మెత్తగా అవుతుంది కదా అన్నాడు. "అయితది సారూ, మైసూర్‌పాక్ లెక్క అయితది. పంటకైతే మంచిదే. వాకిట్ల తిప్పితే వాన పడ్డంక ఏడ కాలు వెడ్తె ఆడ గుంత" అంది మాణిక్యమ్మ. మరి ఏది తీసుకోవాలని అడిగాడాయన. ఆమె మళ్లీ అదే ప్రశ్న: ఆఖరికి అక్కడ ఎవరు కూర్చుంటారు? గడ్డి పెంచుతావా, బండ్లు నిలుపుతావా, వడ్లు ఎండబోస్తావా? "బంతి ఎంతమందికో తెల్వకుండ పొయ్యి ఎంత పెట్టాల్నని అడుగుతున్నవు సారూ."

బంతి భోజనం ఆమెకు ఊరికే నోటికి వచ్చిన మాట కాదు. ఏ వాకిలి పని ముగిసినా ఆమె సంచిలోంచి ఒక మోదుగాకు విస్తరి, ఒక టిఫిన్ డబ్బా తీసేది. డబ్బాలో అన్నం, పక్కన సీసాలో పచ్చిపులుసు. నేల మీద విస్తరి పరిచి, అన్నం పెట్టి, నడుమ గుంట చేసి పులుసు పోసేది. చారు కాచినది గనుక కొంచెం చిక్కగా ఉంటుందని, పచ్చిపులుసు నీళ్లలా ఉంటుంది గనుక అబద్ధం చెప్పదని ఆమె వాదన. పులుసు విస్తరి దాటకూడదు. కానీ ఒకవైపు కొద్దిగా మొగ్గాలి. అసలే మొగ్గకపోతే వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. నేను అదే చోట నీళ్ల గొట్టం పెట్టి కొలిచేదాన్ని. ఆమె సరే అన్న చోటల్లా పది అడుగులకు ఒక అంగుళం పావు వాలు వచ్చేది. రెండున్నర అంగుళాలు వస్తే పులుసు ఆకు దాటేది. "నీ గొట్టం చెప్పింది, నా ఇస్తరి చెప్పింది ఒక్కటైతేనే పని అయినట్టు" అనేది. ఒకటి కాని రోజున మళ్లీ ట్రాక్టరు ఎక్కేది. నా కొలతను ఆమె ఎన్నడూ తక్కువ చేయలేదు, నేను ఆమె విస్తరిని చూసి నవ్వడం రెండో నెలలో మానేశాను.

ఈ పరీక్ష ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. ఆమె చిన్నప్పుడు ఒక పెళ్లిలో వాళ్ల నాయన బంతి చివర కూర్చున్నాడట. వాకిలి వాలుగా ఉండి పులుసు పారి ఆయన కొత్త ధోవతి మీదికి వచ్చింది. కావాలనే పోశారని ఆయన బంతిలోంచి లేచిపోయాడు. "ఎనిమిదేండ్లు ఆ ఇంటి గడప తొక్కలే. నేల వంకరుంటె మనుషులను తిట్టిండు" అని చెప్పి ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక, "ఆ ఇల్లు మా మేనత్తది. నాకు ఆమెంటే పానం" అంది.

ఆమె దగ్గర చేరిన మూడో ఏడాది, ఏప్రిల్ నెలలో, కందుకూరు దిక్కు ఒక ఊరి నుంచి జంగయ్య అనే ఆయన వచ్చాడు. బిడ్డ పెళ్లి మే పదకొండున. ఫంక్షన్ హాలులో కాదు, ఇంటి ముందే చేస్తాడు. నాలుగు వందలమంది బంతి. మేమిద్దరం వెళ్లి వాకిలి చూశాం. తూర్పున జంగయ్య కొత్త స్లాబు ఇల్లు. పడమట అతని తమ్ముడు మల్లేశ్ ఉండే పాత మట్టిగోడల ఇల్లు. మధ్యలో ఒకప్పటి ఉమ్మడి వాకిలి. జంగయ్య ఉత్తరం దక్షిణం యాభై అడుగులన్నాడు. నేను టేపు పెట్టాను, అరవై వచ్చింది. అడ్డం నలభై. పాలు పంచుకున్నప్పుడు అందులో ముప్పై అడుగులు అన్నకు, గోడ వెంట పది అడుగులు తమ్ముడికి వచ్చాయి. నడుమ హద్దుగా రాళ్ల వరుస. పంపకాల తర్వాత రెండేళ్లుగా అన్నదమ్ములకు మాటలు లేవు. ఉత్తరాన బాట, బాట పక్కన కాలువ, అది ఊరి కుంటలోకి పోతుంది. కానీ వాకిలి వాలు ఉత్తరానికి లేదు. తూర్పు నుంచి పడమటికి, నేరుగా మల్లేశ్ గోడకు ఉంది. గోడ అడుగున జానెడు ఎత్తున నిరుటి వానకు ఉబ్బిన మరక కనిపిస్తూనే ఉంది.

"ఎనిమిది ట్రాలీల మొరం పోపిస్తున్న మాణిక్యక్కా" అన్నాడు జంగయ్య. "నువ్వు ముందట తొట్టి వెట్టి పరిచి, పైన రోలర్ తిప్పు. నా ముప్పై అడుగులు అద్దం లెక్క ఉండాలె."

మాణిక్యమ్మ రాళ్ల వరుస దగ్గర కూర్చుని చూసింది. ఆ మొరమంతా పోస్తే అన్న వైపు నేల మెట్టులా లేస్తుంది. దాని మీద పడిన ప్రతి చుక్కా తమ్ముడి పది అడుగుల్లోకి దూకుతుంది.

"మీ అవ్వ ఏడ పండుకుంటది జంగయ్యా?"

"తమ్మునింట్ల. ఏం?"

"గా మరక ఉన్న గోడ వెనకనా?"

"గాడనే. పెండ్లికి దానికేం సంబంధం?"

"పెండ్లికి లేదు. వానకున్నది."

"పెండ్లి ఎండకాలంల గదక్కా. వానలొచ్చినంక సూస్కుందం."

"పెండ్లయినంక టెంటోడే మల్ల రాడు. ట్రాక్టరును ఎవలు పిలుస్తరు?"

జంగయ్య నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తనకు పరేషాన్ పెట్టవద్దని, ఆమెతో కాదంటే ఎల్లుండి పొద్దున జేసీబీ వస్తుందని చెప్పాడు. తిరుగు దారిలో నేను, ఈ పని మనకు వద్దని చెబితే పోయేది కదా అన్నాను. "మనం ఇడిసిపెడ్తె గోడ నిలవడ్తదా?" అంది ఆమె. "జేసీబీ వస్తది, మొరం పోస్తది, పోతది. మృగశిరల గోడ ముసలామె మీద పడ్తది. పని మన చేతిలనే ఉండాలె." షెడ్డుకు వచ్చాక కాగితం మీద లెక్క వేశాను. వాలును ఉత్తరానికి తిప్పితే, పది అడుగులకు అంగుళం పావు చొప్పున అరవై అడుగులకు ఏడున్నర అంగుళాలు. ఉత్తరపు చివర మూడుంముప్పావు అంగుళాలు కోసి దక్షిణపు చివర మూడుంముప్పావు నింపితే చాలు, బయటి మొరం అక్కర్లేదు. మల్లేశ్ గోడకు నాలుగడుగుల దూరంలో పళ్లెంలా లోతు తక్కువ కాలువ తీస్తే మిగిలిన నీళ్లు అందులో పోతాయి. కానీ ఆ కాలువ మల్లేశ్ జాగలో రావాలి. పడమటి పల్లం పూడాలంటే తూర్పు నుంచి మట్టి హద్దు దాటాలి. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఒక్క గీత కూడా గీయలేం.

గీతే గీసింది మాణిక్యమ్మ మరునాడు పొద్దున. కాలువ ఎక్కడ వస్తుందో చూపిద్దామని, గోడ వెంట నాలుగడుగుల దూరంలో సున్నం పొడితో దక్షిణం నుంచి ఉత్తరం దాకా తెల్లని గీత పోసింది. నేను టేపు పట్టుకుని నిలబడ్డాను. పాల క్యానుతో వచ్చిన మల్లేశ్ ఆ గీత చూసి ఆగిపోయాడు.

"ఎవలు వెట్టిండ్రు ఈ హద్దు?"

"హద్దు గాదు తమ్మీ, ఇది..."

"మా అన్న పంపిండు గదా! ముప్పై సాలలేదా? ఇంక ఆరడుగులు గావాల్నంటనా?"

ఆ కేకకు జంగయ్య బయటికి వచ్చి, నా చేతిలో టేపు చూసి, నేను సర్వే ఆఫీసులో చేసినదాన్నని ఎవరో చెప్పగా విని ఉన్నాడు గనుక, "నాకు చెప్పకుండ సర్వేకు పిలిచినవారా?" అని తమ్ముడి మీదికి లేచాడు. రెండేళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. వాటి తర్వాతివి ఇక్కడ రాసేవి కావు. మాణిక్యమ్మ ఇద్దరి మధ్య నుంచి నడిచి, గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలితో చెరిపేసింది. ఆమె తొందరపడి చేసిన పనుల్లో నేను చూసింది ఆ గీత పోయడం ఒక్కటే. పాలు పంచుకున్న వాకిట్లో తెల్ల గీతకు ఒకటే అర్థం ఉంటుందని ఆమెకు ఆ ఊళ్లలో పుట్టిన మనిషిగా తెలియాలి.

"తప్పు నాది. గీత వద్దు, ఏం వద్దు" అని, గొడవ విని గుమ్మంలోకి వచ్చిన వాళ్ల తల్లి బాలమ్మ వైపు తిరిగింది. "అత్తా, ఇంట్ల చింతపండు ఉన్నదా?"

బాలమ్మకు ఎనభై దాటి ఉంటాయి. నడుము వంగింది, గొంతు వంగలేదు. "చింతపండు లేని ఇల్లుంటదా? ఏం జేస్తవు?"

"పచ్చిపులుసు కలుపు. అన్నం కూడ తే. ఆకలైతున్నది."

పెళ్లికి తెచ్చిన విస్తర్ల కట్ట జంగయ్య వరండాలో ఉంది. అందులోంచి మాణిక్యమ్మ నాలుగు తీసి, జంగయ్య గడప నుంచి మల్లేశ్ గోడ దాకా ఒకే వరుసలో, హద్దు రాళ్లను పట్టించుకోకుండా పరిచింది. మొదటి దాని ముందు జంగయ్యను కూర్చోబెట్టింది. రెండోది నాది. మూడోదాని దగ్గర మల్లేశ్ నిలబడే ఉన్నాడు.

"నేను ఆయన బంతిల కూసోను."

"ఆయనదెట్లయితది? బంతి నాది, పులుసు మీ అవ్వది. కూసో."

బాలమ్మ అప్పటికే గోడ పక్కన నాలుగో విస్తరి ముందు కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. మాణిక్యమ్మ వరుసగా అన్నం పెట్టి పులుసు పోస్తూ వచ్చింది. జంగయ్య విస్తరిలో పులుసు అన్నం చుట్టూ నిలబడింది. నా విస్తరిలో పడమటి అంచు దాకా వచ్చి ఆగింది. మల్లేశ్ విస్తరిలో అంచు దాటి మట్టిని తడిపింది. బాలమ్మ విస్తరిలో ఆగనే లేదు; సన్నని ధారగా ఆమె కొంగును తడిపి, పక్క నుంచి జారి, గోడ అడుగున మరక దగ్గర ఇంకిపోయింది. ఒక ఉల్లిపాయ ముక్క అక్కడే మిగిలింది.

బాలమ్మ కొంగు పిండుకుంది. "నేను కలిపిన పులుసు నా గోడకే పాయె. ఇగో జంగడా, నీ పెండ్లి నీల్లన్ని నా మంచం కిందికే వస్తయిరా."

జంగయ్య లేచి వచ్చి, గోడ దగ్గర వంగి, తడిసిన చోట వేలు పెట్టి చూశాడు. "ఇంత వాటమున్నదా?"

"నీకు తెల్వదా?" అన్నాడు మల్లేశ్.

"నువ్వెన్నడన్న చెప్పినవా?"

"నువ్వు మాట్లాడితె గద చెప్పేది."

మాణిక్యమ్మ ఆ సందులోనే అసలు సంగతి చెప్పింది. తూర్పు వైపు కోసిన మట్టి పడమటికి పోవాలి, కాలువ మల్లేశ్ జాగలో రావాలి, హద్దు రాళ్లు పని అయ్యాక ఉన్నచోటే మళ్లీ పెడతాం, కొలతలు ఈమె దగ్గర ఉంటాయి అని నన్ను చూపించింది. జంగయ్య ముఖం మళ్లీ మారింది.

"అంటె నా మన్ను వాని జాగలకు పోతదా?"

"ఇన్నేండ్లు నీ నీల్లు పోంగ లేనిది, మన్ను పోతె ఏమైతదిరా?" అంది బాలమ్మ, అన్నం కలుపుకుంటూ.

జంగయ్య ఫోను తీసి మొరం ట్రాలీలు వద్దని చెప్పాడు. మల్లేశ్ విస్తరి మడిచి లేచి, "కాలువ తీస్కోండ్రి" అని మా ఇద్దరికీ చెప్పి లోపలికి వెళ్లాడు. అన్నకు చెప్పలేదు.

మాణిక్యమ్మ ఆ సాయంత్రం నేలను తడిపించి, మరునాడు పొద్దున డబ్బాతో పని మొదలుపెట్టింది. పొడి నేల మీద బ్లేడు ఎగురుతుంది. ట్రాక్టరు చిన్నదైతే ఆ ఎగురుడు నేల మీద అలలుగా మిగులుతుంది. అందుకే చిన్న గేరులో, ఒక్కోసారి రెండు వేళ్ల మందం మాత్రమే కోసింది. ట్రాక్టరు వెనక డబ్బాను మోసే రెండు ఇనుప చేతుల్లో కుడిదాన్ని పొట్టి పొడవు చేయవచ్చు. దాన్ని తిప్పి డబ్బాను ఒక పక్కకు వంచి, ఉత్తరాన, తూర్పున కోసి దక్షిణాన, పడమట దింపింది. తొట్టి వాడి ఉంటే పని ఒక పూటలో అయ్యేది, కానీ తొట్టి కుప్పలు పోస్తుంది, ఎంత పోసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. కాలువకు వెనక బ్లేడు ఏటవాలుగా తిప్పి పెట్టింది. ఆపైన దంతె, ఆఖరున రోలరు. రెండో రోజు సాయంత్రానికి నా గొట్టంలో అరవై అడుగులకు ఏడున్నర అంగుళాలకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ వచ్చింది. అప్పుడు బాలమ్మను పిలిచి అదే చోట కూర్చోబెట్టింది. పులుసు అన్నం చుట్టూ ఆగి, ఉత్తరపు దిక్కుకు గోరంత మొగ్గింది. బాలమ్మ కొంగు తడుముకుని చూసుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది.

పెళ్లికి మమ్మల్ని పిలిచారు. మల్లేశ్ మొదటి బంతిలో లేడు, రెండో బంతిలో లేడు. వంటవాళ్లు తినే ఆఖరి బంతిలో వచ్చి కూర్చుని, తిని, చెయ్యి కడుక్కుని వెళ్లాడు. అన్నతో మాట్లాడలేదు. మృగశిర వాన జూన్ పదిన గట్టిగా పడింది. నేను గొడుగు తీసుకుని ఆ ఊరికి వెళ్లాను, ఎవరూ వెళ్లమనలేదు. కాలువలో చీలమండ లోతు నీళ్లు, ఎర్రగా, బాట వైపు తొందరగా పోతున్నాయి. గోడ అడుగు పొడిగా ఉంది. లోపల బాలమ్మ దగ్గు వినిపించింది. ఆ తర్వాత కూడా ఒకటి రెండు వానాకాలాలు చూసి వచ్చాను. కాలువలో పూడిక ఎవరు తీస్తున్నారో తెలియదు, తీస్తూనే ఉన్నారు.

మాణిక్యమ్మ మోకాళ్లు అరిగి ట్రాక్టరు ఎక్కలేని రోజు వచ్చినా షెడ్డుకు రావడం మానలేదు. ఆమె పోయి మొన్న శ్రావణానికి రెండేళ్లయింది. పదకొండో రోజు భోజనాలు షెడ్డు ముందే పెట్టారు. ఊరందరి వాకిళ్లు సరిచేసిన మనిషి తన షెడ్డు ముందు జాగను మాత్రం ఎన్నడూ చదును చేయలేదు. ఎన్నోసార్లు అడిగాను. "వంకర ఎట్లుంటదో వచ్చినోల్లకు సూపియ్య వద్దా?" అనేది. ఆ వంకర మీదే బంతి వేశారు. వడ్డనలో పచ్చిపులుసు గిన్నె నా చేతికి వచ్చింది. రెండో బంతిలో పల్లపు చివర జంగయ్య కూర్చుని ఉన్నాడు. వేరే బండి మీద ఆలస్యంగా వచ్చిన మల్లేశ్‌కు మిగిలింది అతని పక్క చోటే. కూర్చున్నాడు. బాలమ్మ అప్పటికి లేదు. ఆమె పోయింది ఆ గోడ వెనకనే, మంచం మీద, నిద్రలో.

నేను మల్లేశ్ విస్తరి దగ్గరికి వచ్చి ఆగాను. అది అన్నిటికంటే పల్లపు చోటు, పోస్తే పులుసు నేరుగా అతని ఒళ్లోకి పోతుందని నాకు తెలుసు. జంగయ్యకూ తెలిసింది. అతను ఎడమ చేత్తో పక్కన పడి ఉన్న పలుచటి రాయి ఒకటి తీసి, తమ్ముడి ముఖం వైపు చూడకుండా, విస్తరి కింది అంచు దగ్గర పెట్టాడు. మల్లేశ్ ఆ అంచును కొద్దిగా పైకి ఎత్తాడు. రాయి కిందికి దూరింది. ఇద్దరూ దాన్ని అటూ ఇటూ జరిపి సరిచేశారు.

"ఇగ పొయ్యమ్మా" అన్నాడు మల్లేశ్.

పోశాను. విస్తరి దాటలేదు.

ఆ పనిముట్లు తర్వాత ఎవరెవరో కొనుక్కుపోయారు. డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు. మా ఇంట్లో బంతులు ఉండవు, అయినా మోదుగాకు విస్తర్ల కట్ట ఒకటి వంటింటి అటక మీద ఎప్పుడూ ఉంటుంది, పాతబడితే కొత్తది కొంటాను. చింతపండు సంగతి సరేసరి. ఏ ఇంటికి వెళ్లినా వాకిట్లో నిలబడి పల్లం ఎటుందో చూసి, ఆ పల్లం చివర ఎవరుంటారో చూసిన తర్వాతే గడప దాటుతాను. నాతో వచ్చినవాళ్లు నాకు మోకాళ్ల నొప్పులనుకుని చెయ్యి అందిస్తారు.

మంగళవారం గేటు దాటి జాగలోకి వెళ్లాను. డ్రైవరు నన్ను చూసి బండి నెమ్మది చేశాడు.

"ఏంది పెద్దమ్మా, సప్పుడు ఎక్కువైతున్నదా?"

"చప్పుడు సంగతి కాదు. అయ్యాక ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"ఎవ్వరు కూసోరు. కార్లు వెట్టుకుంటరంట. పూర మట్టం జెయ్యిమన్నరు."

"కార్ల కింది నీళ్లు ఎవరింట్లోకి పోతాయి?"

అతను నవ్వబోయి, నా వెనక, నైరుతి మూలన ఉన్న వాచ్‌మన్ గది వైపు చూశాడు. గది ముందు వాచ్‌మన్ భార్య నులక మంచం మీద వడియాలు ఎండబెడుతోంది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఇంజను ఆగాక గానీ పైన విమానం పోతున్నట్టు ఇద్దరికీ వినపడలేదు.

"ఎటు పోతయో ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అన్నాడు.

అతన్ని ఉండమని చెప్పి, చింతపండు నానబెట్టడానికి లోపలికి వెళ్లాను.